ఆ హోటల్లో ఏం తినకూడదో కూడా చెప్పండి

"శనివారం అమ్మానాన్న వస్తున్నారు, దగ్గర్లో మంచి హోటల్ ఏదైనా చెప్పండి" అని మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ గ్రూపులో ఎవరైనా అడిగితే చాలు, పావుగంట తిరక్కుండా పేర్లు వరసగా వచ్చి పడతాయి. తిరిగి ఒక్క ప్రశ్న వేసేవాళ్ళు ఉండరు. ఆ పెద్దవాళ్ళది ఏ ఊరు, మాంసం తింటారా, షుగర్ ఉందా, మెట్లు ఎక్కగలరా, గంటసేపు క్యూలో నిలబడగలరా, అడిగినాయన ఎంత ఖర్చు పెట్టుకోగలడు, ఇవేవీ ఎవరికీ పట్టవు. హోటల్ పేరు, పక్కన బొటనవేలు బొమ్మ. పైగా "కళ్ళు మూసుకుని వెళ్ళిపోండి" అని ఒక భరోసా. కళ్ళు మూసుకుని వెళ్ళేవాడికి సలహా దేనికండీ, వీధి చివర మొదట కనిపించిన దాంట్లోకి దూరితే పోలేదా?

నన్నడిగితే ఉత్త పేరు చెప్పడం సలహా కిందికి రాదు. ఏ పూట వెళ్ళాలి, ఏం తినాలి, ఎవరికి అది పడదు, అక్కడ ఏది ముట్టుకోకూడదు, ఇవి చెప్పాలి. ముఖ్యంగా ఆ చివరిది. "అక్కడ అన్నీ బాగుంటాయి" అనేవాడిని నేను నమ్మను. అన్నీ బాగుండే హోటల్ ఈ భూమ్మీద లేదు. ఆ మాట అన్నవాడు అక్కడ ఒకటి రెండుసార్లు తిని ఉంటాడు, లేదా ఎవరో తిన్న వీడియో చూసి ఉంటాడు.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి, ఇందులో వాదించడానికేముంది అంటారు కొందరు. వాదన కట్టిపెట్టడానికి ఆ సామెతను వాడుకుంటాం గానీ, అసలు మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే. జిహ్వకో రుచి అయినప్పుడు, చెప్పేవాడు ముందు తన జిహ్వ సంగతి చెప్పాలి కదా. నాది పల్నాడు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ మజ్జిగన్నం తినే ఇంట్లో పెరిగాను. సాంబారులో తీపి తగిలితే నాకు నచ్చదు, కాఫీలో చికోరీ కాస్త ఎక్కువైనా ఇబ్బంది లేదు, బిర్యానీ కంటే పప్పన్నం మీదే ప్రాణం. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే, నేను బాగుందన్నది మీకు నప్పుతుందో లేదో మీరే లెక్కేసుకోవచ్చు. అలా లెక్కేసుకునే వీలు స్టార్ గుర్తుల్లో లేదు.

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళకు ఈ పని మరీ అవసరం. ఇక్కడి టిఫిన్ గొప్పది, ఆ విషయంలో ఎవరితోనైనా గొడవకి సిద్ధం. కానీ మన ఊరి నుంచి వచ్చినవాళ్ళు మనసులో పెట్టుకుని వచ్చే రుచి వేరు. కర్ణాటక హోటళ్ళ సాంబారులో తరచూ బెల్లం పడుతుంది. వాళ్ళ పద్ధతి అది, తప్పుపట్టడానికేం లేదు. ఆ సంగతి ముందే చెప్పి తీసుకెళ్తే పెద్దవాళ్ళు చట్నీతో తృప్తిగా తింటారు. చెప్పకపోతే, నరసరావుపేట నుంచి వచ్చిన మా పెదనాన్న లాగా ఇడ్లీ ముక్క సాంబారులో ముంచి నోట్లో పెట్టుకుని "ఇదేంట్రా, పాయసంలో వేసి తెచ్చావా" అంటారు. ఆయన్ని అక్కడికి పంపించిన మా పక్క ఫ్లాటాయన కన్నడిగుడు. ఆయన చెప్పింది ఆయన నాలుకకు నిజమే.

ఇంకో సంగతి, 1980ల నుంచి బెంగళూరులో పాకిపోయిన దర్శినులు అనే చిన్న టిఫిన్ హోటళ్ళు. చవక, శుభ్రం, చకచకా పని అయిపోతుంది. కానీ నిలబడి తినాలి. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యను అక్కడికి పంపించి "కేసరీ బాత్ అద్భుతం" అంటే ఆవిడకి కేసరీ బాత్ ఎలా గుర్తుంటుంది, కీళ్ళ నొప్పే గుర్తుంటుంది.

కాబట్టి నేను ఎవరికైనా రాసిపెడితే ఇలా రాస్తాను. శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌కి పొద్దున్నే వెళ్ళండి. ఇడ్లీ, వడ, ఖారా బాత్ అనే ఉప్మా, కేసరీ బాత్, కాఫీ, అంతే. సాంబారు ఉండదు, అడక్కండి; చట్నీయే అక్కడి అసలు సరుకు. కుర్చీలూ బల్లలూ ఆశించకండి. ఆదివారం సెలవు. గాంధీ బజార్లో విద్యార్థి భవన్ 1943 నాటిది. దోసె మందంగా ఉంటుంది, పైన కరకర, లోపల మెత్తన. మన నెల్లూరు కారం దోసె ఊహించుకుని వెళ్ళకండి. శుక్రవారం సెలవు. లాల్‌బాగ్ పక్కన ఎంటీఆర్ 1924లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యానికి కొరత వచ్చి రవ్వతో ఇడ్లీ చేశామని వాళ్ళు చెప్పుకుంటారు, అందుకని రవ్వ ఇడ్లీ తినండి. శనాదివారాల్లో భోజనానికి మాత్రం షుగర్ ఉన్నవాళ్ళను ఆకలి మీద తీసుకెళ్ళకండి, ఎంతసేపు నిలబడాలో చెప్పలేం. సోమవారం సెలవు. సెలవులు, వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టండి.

ఇందులో "బెస్ట్" అన్న మాట ఎక్కడా లేదు చూశారా. ఆ మాట లేకపోయినా ఎవరికీ లోటు రాలేదు.

ఇక "ఆంధ్రా స్టైల్" బోర్డుల సంగతి. 1984లో రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున వచ్చింది, తర్వాత ఇంకా చాలా వచ్చాయి. అరిటాకు, ముద్దపప్పు, పొడి, నెయ్యి, గోంగూర. ఈ ఊళ్ళో కన్నడిగులకూ తమిళులకూ ఉత్తరాది పిల్లలకూ ఆంధ్రా భోజనం అంటే ఏమిటో నేర్పింది ఈ హోటళ్ళే, అందుకు వాటికి దణ్ణం పెట్టొచ్చు. అయితే గుంటూరు నుంచి వచ్చిన చుట్టాలను నేరుగా వాటికే తీసుకెళ్ళడం ఏం తర్కమో నాకు అర్థం కాదు. వాళ్ళు రోజూ తినేదే ఇంకొకరి చేతి వంటగా, నాలుగింతల ధరకు తింటారు. తిని ఊరుకుంటారా? "మన పప్పు లాగా లేదు" అని ఒక గంట విచారణ. ఆకుపచ్చగా, పచ్చిమిర్చి దట్టించి చేసే చిల్లీ చికెన్ ఇక్కడి ఆంధ్రా హోటళ్ళ ప్రత్యేకత, నాకు మహా ఇష్టం. కానీ గుంటూరులో మా బంధువుల ఇళ్ళల్లో ఎవరూ అది వండగా చూడలేదు. దాన్ని "మన వంట" అని కాకుండా "బెంగళూరు వంట" అని పరిచయం చేయండి, చుట్టాలు ఇంకో ప్లేటు చెప్తారు.

బిర్యానీ దగ్గర ఇదే పేచీ ఇంకా ముదురుతుంది. మిలిటరీ హోటళ్ళు అనే ఇక్కడి మాంసాహార హోటళ్ళలో దొన్నె (ఆకు డొప్ప) బిర్యానీ జీలకర్ర సాంబ అనే పొట్టి బియ్యంతో చేస్తారు, పుదీనా కొత్తిమీరల రంగు, మసాలా వేరు. హైదరాబాద్ బాస్మతి బిర్యానీ తలుచుకుంటూ తింటే అది ఎప్పటికీ నచ్చదు. "దీన్ని బిర్యానీ అనుకోకండి, మాంసం పులావు అనుకుని తినండి" అని నేను చెబుతాను. ఈ మాట విని బెంగళూరు మిత్రుడొకడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అయినా ఆ మాట వల్ల తెలుగువాళ్ళు చాలామంది ఆ ప్లేటు ఖాళీ చేశారు, నాకది చాలు.

ఊళ్ళో పొరపాటు జరిగితే పోయేది ఒక పూట. విదేశంలో అలా కాదు. కొత్త ఊరు, కొత్త భాష, పక్కన ఆకలితో చిన్నపిల్లలు, ప్రతి భోజనం రూపాయల్లోకి మార్చి చూసుకునే నాన్న. మన ఆఫీసుల్లోంచి సింగపూర్‌కి, టోక్యోకి ప్రాజెక్టుల మీద వెళ్ళొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు ఇచ్చే జాబితాలు రెండు రకాలు. ఒకటి, అన్నీ ఇండియన్ రెస్టారెంట్లే. రెండోది, "అక్కడిదాకా వెళ్ళి ఇండియన్ తింటారా, ఛీ" అనే రకం. రెండూ వెళ్ళేవాళ్ళను చూడకుండా రాసినవే.

మొదటి రకాన్ని వెక్కిరించడం తేలిక. నేను వెక్కిరించను. అరవై దాటినవాళ్ళకు వారం రోజుల ప్రయాణంలో రోజుకొక పూట అన్నం, చారు పడకపోతే నిద్ర పట్టదు, మలబద్ధకం, విసుగు, ఆఖరికి కొడుకుతో గొడవ. సింగపూర్ సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ 1947 నుంచి ఉంది, మన ఎంటీఆర్‌కి కూడా ఆ రోడ్డులోనే శాఖ ఉంది. రాత్రి భోజనం అక్కడ పెట్టుకోండి, తప్పేం లేదు. పగలు మాత్రం ఆ ఊరి తిండి తినాలి, లేకపోతే టికెట్ డబ్బులు దండగ. సింగపూర్ హాకర్ సెంటర్ల సంస్కృతిని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకే కప్పు కింద చైనీయులు, మలయులు, తమిళులు పక్కపక్కన వండి పెడతారు. ఒక్కో కుటుంబంలో నలుగురికి నాలుగు రకాల పట్టింపులు ఉండే మనకు అంతకంటే అనువైన చోటు ఇంకోటి లేదు.

కానీ అక్కడా వివరమే కావాలి. హైనానీస్ చికెన్ రైస్ ఉడకబెట్టిన కోడి. కారం, మసాలా ఏమీ కనిపించవు. పక్కన ఇచ్చే మిరప చట్నీ, అల్లం ముద్ద కలుపుకుంటేనే దాని మహిమ తెలుస్తుంది. ఈ ఒక్క వాక్యం చెప్పకపోతే మనవాడు ఆసుపత్రి పత్యం అనుకుని సగంలో వదిలేస్తాడు. శాకాహారి అయితే ఇంకో చిక్కు. "చికెన్ తీసేసి అన్నం ఒక్కటే పెట్టండి" అంటే కుదరదు, ఆ అన్నమే కోడి కొవ్వుతో, కోడి ఉడికిన నీళ్ళతో వండుతారు. ఖాళీ బల్ల మీద టిష్యూ పేపర్ పొట్లం కనిపిస్తే ఎవరో ఆ చోటు పట్టుకున్నారని అర్థం. మన బస్సు సీట్లో రుమాలు వేసే విద్యే కాబట్టి మనవాళ్ళకు ఇది వెంటనే ఎక్కుతుంది.

జపాన్‌లో శాకాహారులకు అసలు గండం కంటికి కనిపించని చేప. మిసో సూప్ చూడ్డానికి పప్పునీళ్ళ మాదిరే ఉంటుంది గానీ అందులో వాడే దాషి రసం సాధారణంగా ఎండుచేప నుంచే తీస్తారు. సోబా అనే నూడుల్స్ నంజుకునే రసమూ అంతే. "టోఫు తిను, సేఫ్" అని చెప్పి పంపించేస్తారు కొందరు. ఆ టోఫు మీద చేప తురుము చల్లి ఇస్తే? థాయ్‌లాండ్‌లో బొప్పాయి సలాడ్‌లో చేప సాసు, ఎండురొయ్యలు ఉంటాయి. అక్కడ పసుపు రంగు జెండా మీద ఎర్రగా "జే" అన్న థాయ్ అక్షరాలు కనిపించే కొట్టు వెతుక్కోమని చెప్పాలి. బౌద్ధుల కఠిన శాకాహారం అది, గుడ్డు కాదు కదా ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మా పిన్నిలాంటి కార్తీకమాసం మనుషులకు బ్యాంకాక్‌లో దొరికే వరం. "బ్యాంకాక్‌లో వెజ్ కష్టం" అని అందరూ అంటారు గానీ ఈ జెండా సంగతి ఒక్కరూ చెప్పరు.

వేళల సంగతీ ఉంది. స్పెయిన్‌లో చాలా హోటళ్ళలో రాత్రి భోజనం ఎనిమిదిన్నర, తొమ్మిది దాటాకే మొదలు. ఏడింటికి మాత్ర వేసుకుని అన్నం తినాల్సిన మావయ్యకు ఏ హోటల్ గొప్పదో చెప్పే కంటే ఈ ముక్క చెప్పడం ముఖ్యం.

ఇంత శ్రమ ఎందుకు, ఫోన్‌లో రేటింగ్ చూసుకుంటే పోలా అంటారా. ఒక దేశపు అంకె ఇంకో దేశంలో చెల్లదు. జపనీయులు వాడే తబెలోగ్ అనే హోటల్ రివ్యూల సైట్‌లో 3.5 వచ్చిందంటే అది చాలా మంచి హోటల్, అక్కడి జనం మార్కులు అంత పిసినారిగా వేస్తారు. మనవాళ్ళు 4.5కి తక్కువైతే గడప తొక్కరు. ఆ అలవాటుతో వెళ్తే టోక్యోలో మంచి హోటళ్ళన్నీ దాటుకుంటూ పోయి టూరిస్టుల కోసం పెట్టిన దాంట్లో కూర్చుంటారు.

మన దగ్గర 4.7లు ఎలా పుడతాయో కూడా చూస్తూనే ఉన్నాం. బిల్లుతోపాటు క్యూఆర్ కోడ్ ఉన్న అట్ట తెచ్చి "సార్, ఫైవ్ స్టార్ ఇచ్చి నా పేరు రాయండి సార్" అని సర్వర్ కుర్రాడు నిలబడతాడు. ఒకచోట గులాబ్ జామూన్ కూడా ఇచ్చారు, బాగుంది. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, వాడి ఇన్సెంటివ్ దాని మీద ఆధారపడి ఉంటుంది. కానీ ఆ అంకె చూసి ఇంకెవరో మారతహళ్ళి ట్రాఫిక్‌లో గంట ప్రయాణించి వస్తారు. 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే రచయిత తన పెరట్లో ఉన్న షెడ్డును రెస్టారెంట్‌గా ట్రిప్‌అడ్వైజర్ అనే రివ్యూల సైట్‌లో పెట్టి, స్నేహితుల చేత దొంగ రివ్యూలు రాయించి, నగరం మొత్తం మీద మొదటి స్థానానికి తీసుకెళ్ళాడు. అక్కడ వంటే లేదు. ఫొటోల్లో వంటకాల కోసం షేవింగ్ ఫోమ్ కూడా వాడాడు. మన దేశంలోనూ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చారు. మంచిదే. గులాబ్ జామూన్ మాత్రం ఏ ప్రమాణానికీ దొరకదు.

డబ్బు ఎక్కడ కలుస్తుందో అక్కడ సలహా చెడుతుందని చెప్పడానికి నాకు నచ్చిన ఉదాహరణ డంకన్ హైన్స్. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కేక్ మిక్స్ డబ్బా మీద ఆ పేరు చూసే ఉంటారు. ఆయన నిజంగా ఉన్న మనిషి. ప్రింటింగ్ కంపెనీల తరఫున ఊరూరా తిరిగే సేల్స్‌మన్. దారిలో ఎక్కడ శుభ్రంగా, రుచిగా దొరుకుతుందో రాసిపెట్టుకునేవాడు. ఎవరు పడితే వాళ్ళు అడుగుతుంటే 1935 క్రిస్మస్‌కి గ్రీటింగ్ కార్డుకు బదులు 167 హోటళ్ళ జాబితా అచ్చు వేయించి మిత్రులకు పంపాడు. దానికి వచ్చిన గిరాకీ చూసి మరుసటి ఏడు పుస్తకమే వేశాడు. హోటళ్ళ దగ్గర ప్రకటనలు తీసుకోలేదు, అదే ఆయన పరపతి. తర్వాత ఆయన పేరుతో సిఫార్సు బోర్డులు హోటళ్ళకు అద్దెకిచ్చారు, ఆపైన పేరు కేక్ మిక్స్‌కి వెళ్ళింది. ఇవాళ ఆ పేరు మిగిలింది, జాబితా పోయింది. మిత్రులకు రాసినప్పుడు ఆ మాటకు ఉన్న బరువు వేరు. తప్పయితే ఎదురుగా వచ్చి తిట్టేవాళ్ళు ఉన్నారు. రీల్ చేసేవాడికి ఆ భయం లేదు.

ధర చెప్పడానికి మనం ఎందుకు సిగ్గుపడతామో నాకు ఇప్పటికీ తెలీదు. కాలేజీ అయి కొత్తగా చేరిన పిల్లలు "అన్నా, మా ఫ్రెండ్స్‌కి పార్టీ ఇవ్వాలి" అని అడిగితే, ఇద్దరికి ఇంత అవుతుంది, సర్వీస్ చార్జ్ వేస్తే తీసేయమని అడగొచ్చు అని చెప్పాలి. వాళ్ళు అడగరు, మొహమాటం. లోపలికెళ్ళి మెనూ తెరిచాక లేచి రాలేరు. అమెరికా వెళ్ళేవాళ్ళకు టిప్పు సంగతీ, జపాన్ వెళ్ళేవాళ్ళకు టిప్పు ఇవ్వకూడదన్న సంగతీ ఇలాగే ముందు చెప్పాల్సినవి.

ఇంత చెప్పాక ఒక మినహాయింపు. మంచి చోటు దొరికితే అందరికీ చెప్పేయాలా? పెద్ద హోటళ్ళ విషయంలో అవును, వాళ్ళకు కుర్చీలున్నాయి, మనుషులున్నారు. మా ఆఫీసు వెనక సందులో ప్రకాశం జిల్లా దంపతులు నడిపే మెస్ ఒకటుంది. ఆవిడ ఒక్కతే వండుతుంది. ఆయన వడ్డిస్తాడు, కూరగాయలు తెస్తాడు, లెక్క చూస్తాడు. ఎవరో వీడియో తీసి పెడితే అక్కడికి రోజూ వచ్చే పీజీ పిల్లలకు పన్నెండున్నరకే అన్నం అయిపోతుంది. ధర పెరుగుతుంది. పప్పు పల్చనవుతుంది. ఇలా అయిన చోట్లు ఈ ఊళ్ళో కళ్ళారా చూశాను. చోటు దాచుకోవడం స్వార్థం అంటారు కొందరు, నేను ఒప్పుకోను. అక్కడ తినేవాళ్ళు అక్కడికి రాలేనివాళ్ళ కంటే ముందు. అందుకని ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. కావాలంటే నన్ను ఎదురుగా అడగండి, ముందు మీరు ఎంత కారం తింటారో చెప్పండి. గోంగూర పచ్చడి వదలకండి, ఫ్రై జోలికి మాత్రం వెళ్ళకండి, నూనె ఎక్కువ. బుధవారం ఆవిడకు సెలవు.